పట్టుకపోయేటందుకు ఒక బండి

నాకు సంతకం చేసుడొస్తది, బస్సు మీద నంబరు చదువుడొస్తది. అంతకుమించి చదువు లేదు. అందుకే నేను చెప్తున్న, మా మరిది కోడలు అనిత రాస్తున్నది. నేను చేసిన నౌకరే మొన్న అనితకు దొరికింది. "గా లారీ మీద ఏం పనుంటదత్తమ్మా?" అని అడిగింది. ఆఫీసుల అడుగు బిడ్డా, రూల్స్ చెప్తరు. రూల్స్ చెప్పెటోడు ఒక్కడు గూడ ఎన్నడు లారీ ఎక్కలే. నేను చెప్త ఇను. నడుమల తిట్లొస్తె కొట్టెయ్యకు. అవి లేకుంటె ఈ పని ఎవ్వరికి సమజ్ కాదు.

లేపుడే నౌకరి

మాది మున్సిపాలిటీల తీసేసే లారీ. రోడ్డు మీద తోపుడు బండ్లు, తట్టలు, గొడుగులు, బల్లలు ఏమున్నా లేపి లారీల పడేసుడు, ఊరి బయట యార్డుల దించుడు. మా ఆయన గదే లారీ మీద చేసిండు. ఆయన పోయినంక నౌకరి నాకిచ్చిన్రు. మొగోళ్లు బరువులు లేపే పని ఆడిదానికెందుకు అనుకుంటవేమో. లారీ రాంగనే బండి కాడున్న ఆడామె పోయి తన తట్ట మీద కూసుంటది. మొగోడు ముట్టిండో, ఆ దినం బజార్ బంద్, ఠాణా నిండుగ. అందుకని గ్యాంగుల ఒక ఆడమనిషుండాలె. "బాలమణీ!" అని కేకేస్తె నేను పోయి ఆమె చంకల కింద చేతులు పెట్టి లేపాలె. గిచ్చిన్రు, కొరికిన్రు, నా జుట్టు పట్టి గుంజిన్రు. లేపేటప్పుడు చెవుల మంచి మాట ఒకటి చెప్తె సగం బరువు దిగుతది. ఇది రూల్సుల ఉండది, రాసుకో.

కేకేసెటోడు మా గ్యాంగుకు పెద్ద, జమేదార్ యాదగిరన్న. మస్తు మంచోడు, మస్తు పిరికోడు. మా పైన ఆఫీసర్ సార్ ఫోన్ మోగితె బీడి పారేసి నిలబడి మాట్లాడెటోడు, సార్‌కు ఫోన్ల కనబడ్తడా ఏంది!

మాకు అప్పజెప్పిన రోడ్డు పత్తర్‌గట్టి. చార్మినార్ దిక్కు పోయే తొవ్వ, రెండు దిక్కుల గాజులు, బట్టలు, అత్తర్లు. దుకాణం ముంగట బండి, బండి ముంగట తట్ట, తట్ట ముంగట బేరం చేసే ఆడోళ్లు. ఇగ మిగిలిన జాగల ఆటోలు పోవాలె.

మైకు మాట, మీటింగు మాట

మంత్రి సాబ్ పేరు చెప్పను. నీకు ఎవ్వరు గుర్తొస్తె ఆయననే అనుకో, తప్పు పోదు.

ఆయన పొద్దుగాల స్టేజీ ఎక్కి మైకుల ఏమంటడంటే, "గరీబోని బండి మీద చెయ్యి పడ్డదంటె నా గల్ల మీద చెయ్యి పడ్డట్టే!" జనం చప్పట్లు. గదే దినం మాపటికి ఆఫీసర్లను కూసుండబెట్టి మీటింగుల అంటడు, "గదేం రోడ్డయ్యా, జాతరనా? నా కారు ముంగటికి పోతలేదు. ఒక్క బండి కనబడొద్దు నాకు." చాయ్ ఇచ్చే అటెండర్ బయటకొచ్చి మాకు చెప్పెటోడు. నోరొక్కటే, మాటలు రెండు.

కొత్తల నేను ఆగం ఆగమైన. యాదగిరన్న భయపడుకుంట మా సార్‌ను అడిగిండు.

"సార్, పొద్దుగాల మంత్రి సాబ్ తియ్యొద్దన్నడు గద సార్?"

"అది స్పీచ్, యాదగిరీ. ఇది ఇన్‌స్ట్రక్షన్."

లారీ తీస్కొని పత్తర్‌గట్టికి పోతె గాజుల ఖాదర్ భాయ్ అడ్డం నిలబడె. ఆ లైన్ల బండ్లోళ్లందరికి పెద్దమనిషి. తెల్లగడ్డం, పాన్ నోరు. "మంత్రి సాబ్ ఖుద్ బోలే! నా చెవులతోని విన్న. మీ సార్ ఎవరు నడుమల?"

సార్‌కు మీటింగే వినబడ్తది, ఖాదర్ భాయ్‌కు మైకే వినబడ్తది. దేవుడు రెండు చెవులు మాకే ఇచ్చిండు, ఏం పాపం చేసుకున్నమో.

మస్తు దినాలు నేను మంత్రి సాబ్‌ను అబద్ధాలకోరు అని తిట్టిన. ఇప్పుడు గట్ల అన. స్టేజీ మీద నిలబడితె మనుషులు కనబడ్తరు, కారుల కూసుంటె బండ్లు కనబడ్తయ్. రెండు తాన్ల ఆయన నిజమే చెప్తడు. నిజాలు రెండైనప్పుడు మోసెటోళ్ల నడుం ఇరుగుతది, అంతే.

మా సార్ గూడ చెడ్డోడు కాదు. ఒకపారి గాజుల బండి తియ్యబోతె, ఆ బండి ముంగట సార్ భార్యనే నిలబడి బేరం చేస్తుంది. యాదగిరన్న బొమ్మోలె ఆగిపోయిండు. సార్ జీపుల నుంచే చూసి, "ఐదు నిమిషాలు ఆగుర్రి" అన్నడు. ఆమె డజను గాజులకు అర్ధగంట బేరం చేసింది. గ్యాంగ్ అంత లారీ నీడకు కూసున్నం. బేరం తెగింది, ఆమె పోయింది, సార్ గడియారం చూస్కొని, "టైమ్ అయిపోయింది, రేపు తీద్దం" అన్నడు. ఆ బండోడు ఇంక వారం దినాలు దేవునికి గాదు, ఆమెకు దండం పెట్టిండు.

ఖాదర్ భాయ్ చేసిన ఉపాయం

రెండు మాటల నడుమ మేం ఎన్ని దినాలు నలుగుతం? ఒకనాడు ఖాదర్ భాయ్, యాదగిరన్న ఇరానీ చాయ్ తాక్కుంట కూసోని ఒక రివాజు పెట్టుకున్నరు. లైను మొగదల ఒక పాత బండి నిలబెట్టిన్రు. మూడు చక్రాలు బండివి, నాలుగోది ఇటుకలు. దాని మీద పగిలిన గాజుల డబ్బ, చిరిగిన గొడుగు. అమ్మెటందుకు కాదు అది, పట్టుకపోయేటందుకు.

సార్ తియ్యమంటె మేం పోతం, గా బండి లేపుతం, ఫోటో కొడ్తం, ఫోటో ఫోన్ల ఆఫీసు గ్రూపుల పడ్తది. సార్ ఖుష్. తెల్లారి మంత్రి సాబ్ మనిషి ఫోన్ చేస్తడు, "గరీబోని బండి ఇడ్సుర్రి." ఇడుస్తం. బండికి పూలదండేసి ఆ మనిషి ఫోటో దిగుతడు. మంత్రి సాబ్ ఖుష్. వారానికి మళ్ల మీటింగు, మళ్ల గదే బండి. మా ఆయన లారీ మీద తిరిగిన దానికంటె ఆ బండి ఎక్కువ తిరిగింది, పింఛిని ఒక్కటే తక్కువ దానికి.

ఉత్తగ లేపితె నమ్మరు గద, జరంత లొల్లి కావాలె. లొల్లి ఖాదర్ భాయ్ చేసెటోడు. "హాయ్ అల్లా, లుట్‌గయా!" అనుకుంట లారీ ముంగట పండెటోడు. నేను ఉరికొచ్చి, "లెవ్వు ముసలోడా, సర్కారు పనికి అడ్డం పడ్తవా!" అని తిట్టాలె. మంచిగ తిడుతుంటి. ఒక ఎండకాలం రోడ్డు మీద పండిండు, సార్‌కు ఫోటో సరింగ వస్తలేదు. ఖాదర్ భాయ్ పండుకునే మెల్లగ, "యాదగిరీ, జల్దీ ఉఠావ్ రే, పీఠ్ జల్‌రీ!" అన్నడు. వీపు కాల్తుంది పాపం. అటెన్క ఎప్పుడు పండినా కింద గోనెసంచి పరుసుకుంటుండె. సార్ ఏమన్న అనుమానపడ్డడా అంటె, లే. గోనెసంచి గూడ సీజ్ చెయ్యిమన్నడు.

జామకాయల రజియా

ఇప్పుడు అసలు సంగతి. అనితా, మంచిగ రాయి.

బార్కస్ బస్తీ నుంచి రజియా అని ఒక పిల్ల వచ్చింది. పెనిమిటి గోడ మీదికెల్లి పడి చెయ్యి ఇరగ్గొట్టుకొని ఇంట్ల ఉన్నడు. ఇద్దరు ఆడపిల్లలు. బార్కస్ జామకు మస్తు పేరు గద, చుట్టాల తోటల కాయలు దొరుకుతయ్, అమ్మెటందుకు బండి లేదు. ఖాదర్ భాయ్‌ను అడిగింది. ఆయన ఆమె కష్టమంత ఇని, "ఇది తీస్కో బేటీ" అని గా పాత బండే ఇచ్చిండు. పట్టుకపోయేటందుకు ఇంకోటి తెచ్చి పెడదమనుకున్నడు, యాదగిరన్నకు చెప్దమనుకున్నడు. గంతల మేనకోడలి షాదీ అని బీదర్ పోయిండు. షాదీల దావత్ యాదికున్నది, మేం యాదికి లేకపోతిమి.

రజియా ఆ బండికి నాలుగో చక్రం ఎక్కించింది, నీలం రంగేసింది. జామకాయలు కుప్పలు పెట్టి, ఉప్పు కారం డబ్బ పెట్టుకొని రెండు దినాలు అమ్మింది. ఇంట్ల పొయ్యి అంటుకున్నది. మాకు ఇవేమి తెల్వదు.

మూడో దినం పొద్దుగాల సార్ వచ్చిండు, మొఖం కందగడ్డలెక్క. "నిన్న మీటింగుల మంత్రి సాబ్ మన ఫోటోలు చూసిండు. 'ఏందయ్యా, ఎప్పుడు ఇదే బండా?' అన్నడు అందరి ముంగట. నా ఇజ్జత్ పోయింది. ఇయ్యాల ఆ బండిని ఇడిసేది లేదు. యార్డుల మిషన్ కింద ఏసి నా కండ్ల ముంగట తుక్కు చెయ్యాలె."

యాదగిరన్న నా దిక్కు చూసి మెల్లగ, "పోతె పోనీ, ఎట్లైన పాతదే. ఖాదర్ భాయ్ ఇంకోటి తెస్తడు" అన్నడు. నాకు గూడ ఫికర్ కాలె.

పత్తర్‌గట్టికి పోతె బండి గదే జాగల ఉన్నది, కాని నీలం రంగుల మెరుస్తున్నది. "చూసినవా, ఖాదర్ భాయ్ ఈసారి మస్తు తయారు చేసిండు" అన్నడు యాదగిరన్న. పక్కన కొత్త పిల్ల. మేం చెయ్యి ఏసినమో లేదో ఏడ్సుడు షురూ చేసింది. ఎంత మంచిగ ఏడుస్తుందో! ఖాదర్ భాయ్ ఏడుపుల పాన్ వాసనొస్తుండె. ఈ పిల్లది కడుపులకెల్లి వస్తుంది. ముసలోడు అలిసిపోయి కొత్త మనిషిని పెట్టిండనుకున్నం.

నెత్తి మీద స్పీకరు

ఆ దినమే జర దూరంల మైదానంల మంత్రి సాబ్ సభ. కరెంటు స్తంభం స్తంభానికి స్పీకర్లు కట్టిన్రు, పత్తర్‌గట్టి దాక.

"లేపుర్రి" అన్నడు సార్. లేపినం.

"ఎవడన్న బండి లేపిండో...!" అన్నది నెత్తి మీద స్పీకరు. దించినం.

"ఎందుకు దించిన్రు?"

"మంత్రి సాబ్, సార్..."

"లేపుర్రి!" మోకాళ్ల దాక లేపినం.

"గా చెయ్యి ఇరుస్త!" అన్నది స్పీకరు. యాదగిరన్న తన చెయ్యి చూసుకున్నడు. దించినం. దుకాణాల పొంటి జనం చప్పట్లు, ఈలలు. ఒకడు "వన్స్ మోర్" అంటుండు, బాడ్కవ్.

సార్‌కు కోపమొచ్చింది. "మంత్రి సాబ్ ఎక్కడో మాట్లాడ్తుండు. నేను ఇక్కడ మాట్లాడ్తున్న. మీకు దగ్గర ఎవరు?"

యాదగిరన్న పైకి చూసిండు. "స్పీకరే సార్. నెత్తి మీదనే ఉన్నది."

ఆఖరికి నడుమ ఏదో పాటేసిన్రు, గా పాట సందుల బండిని లారీల ఎక్కించినం. కాయలు లారీల దొర్లినయ్. రజియా ఉరికొచ్చి టైరు మీద కాలు పెట్టి పైకెక్కి బండినే కావలిచ్చుకొని కూసున్నది. "బాలమణీ!" అని కేకేసిన్రు. నేను ఎక్కిన. ఎక్కినంక లారీ కదిలింది.

చంకల కింద చేతులు పెట్టి చెవుల మంచి మాట చెప్పిన, "బస్ బిడ్డా, మస్తయింది. సార్ చూసిండు. ఇగ దిగు."

"ఏం చూసిండు?"

"నీ ఏడుపు. మంచిగ ఏడ్చినవ్. ఖాదర్ భాయ్ ఏమిచ్చిండు నీకు?"

"బండిచ్చిండు."

"బండెందుకిచ్చిండు?"

"జామకాయలు అమ్ముకోనీకి! ఇంకెందుకిస్తడక్కా? ఇంట్ల పిల్లలున్నరు, ఆయన చెయ్యి ఇరిగి ఉన్నది, ఈ బండి పోతె నేనేం తోయాలె?"

నా చేతులు ఆడనే ఆగిపోయినయ్. క్యాబిన్ రేకు మీద దబదబ గుద్దిన. "యాదగిరన్నా! ఇది నాటకం కాదే! ఇది నిజం బండి!"

యాదగిరన్న కిటికీలకెల్లి తలకాయ బయట పెట్టిండు. "వాయమ్మో!" అన్నడు. అటెన్క, "సార్ వెనకనే వస్తుండు బాలమణీ. మిషన్ గూడ తయారున్నదట. నేనేం చేయనే?" అని తలకాయ లోపలికి గుంజుకున్నడు. తాబేలు నయం.

నేనాడిన మాట

యార్డు తొవ్వకు పోలీసోళ్లు బారికేడ్లు పెట్టిన్రు. సార్ జీపు ఆటోల నడుమ ఇరుక్కొని వెనకపడ్డది. పోలీసాయన చెయ్యి అడ్డం పెట్టిండు.

"సభ ఉంది, లారీలు బంద్. ఎటు పోతున్నరు?"

డ్రైవర్ నోరు తెరిచేలోపల నేను పైకెల్లి ఒర్రిన, "సభకే! మంత్రి సాబ్ ఆడోళ్లకు పంచే బండి ఇది! లేటయితుంది, జరుగు!"

పోలీసాయన పైకి చూసిండు. కొత్త నీలం రంగు బండి, జామకాయలు, దాని మీద కూసున్న పిల్ల.

"మరి ఏడుస్తుందేంది?"

"సంతోషానికి."

బారికేడ్ జరిపిండు. జరిపినోడు ఊకుండక వైర్‌లెస్‌ల, "పంచే బండి వస్తుంది, ఇడువుర్రి" అని చెప్పిండు. ఇగ ఎక్కడ గూడ ఆపలే. సందు సందుకు పోలీసోళ్లు సెల్యూట్ లెక్క చెయ్యి ఊపుకుంట మమ్మల్ని సభల తోలిన్రు. మైకు పట్టుకున్న పిలగాడు, "ఇప్పుడు మంత్రి గారి చేతుల మీదుగా బండి పంపిణీ!" అని చెప్పనే చెప్పిండు. నౌకరి పోయిందనుకున్న. మా ఆయన ఫోటో ముంగట ఏం మొఖం పెట్టుకొని నిలబడాలె అనుకున్న.

మంత్రి సాబ్ లారీని చూసిండు. తీసేసే లారీ అని ఆయనకు ఎరుకే. గప్పుడే సార్ గూడ చెమటలు కార్చుకుంట ఉరికొచ్చిండు. ఇద్దరు ఒకల మొఖం ఒకలు చూసుకున్నరు.

మంత్రి సాబ్ మైకు తీసుకున్నడు. "చూడుర్రి! నేనేమన్న? నా సర్కారు బండ్లు గుంజుకునే సర్కారు కాదు. లారీల ఎక్కించి ఇంటికి తెచ్చిచ్చే సర్కారు!"

మైదానమంత చప్పట్లు. సార్ చేతులు కట్టుకొని, "తమరి ఆదేశాల ప్రకారమే సార్" అన్నడు. నా నౌకరిల ఆ ఇద్దరి మాట కలిసింది గా ఒక్కపారే. అది గూడ నేనాడిన అబద్ధం మీద.

బండి దించి, దండేసి, రజియాను పిలిచిన్రు. మైకు ఎవ్వరు బంద్ చెయ్యలే. పిల్ల చేతులు కట్టుకొని, "సాబ్, ఇది నా బండే" అన్నది.

యాదగిరన్న కండ్లు మూసుకున్నడు.

"ఇన్నరా!" అని ఒర్రిండు మంత్రి సాబ్. "ఇచ్చి నిమిషం కాలే, అప్పుడే నా బండి అంటుంది! గట్లుండాలె ఆడపిల్లంటె!" మళ్ల చప్పట్లు. ఎట్లొచ్చిన మాటనట్ల పట్టుకుంటడు. ఆయన మంత్రి ఊకనే కాలె.

స్టేజీ దిగుకుంట యాదగిరన్న భుజం మీద చెయ్యేసి, మెల్లగ అన్నడు, "రంగు మంచిగేసిన్రయ్యా. నేను నిన్న చెప్పింది గదే. ఫోటోలల్ల ఎప్పుడు గదే పాత బండి, చూసెటోళ్లు నవ్వరా?"

అంటే మా ఉపాయం ఆయనకు మొదట్నుంచి ఎరుకే! సార్ పక్కనే ఉండి ఇన్నడు. "నేను... తుక్కు చెయ్యమన్నరనుకున్న సార్" అన్నడు.

"తుక్కా? గరీబోని బండి తుక్కు చేస్తవా?" అన్నడు మంత్రి సాబ్. సార్ మొఖం చూస్తె నాకే పాపమనిపించింది. పెద్ద పరీక్ష రాసొచ్చిన మనిషి, పెయింట్ డబ్బ తెమ్మంటె మిషన్ తెచ్చిండు.

అనితా, పెద్దోళ్లు ఇద్దరు రెండు మాటలు చెప్తె ఎవరి మాట ఇనాలె అని అడుగుతవు. ఇద్దరివి ఇను. అటెన్క బండి మీద ఎవరి అన్నమున్నదో చూడు. మేం ఆ దినం చూడలే. లేపినంక చూసినం. లేపక ముందుగాల చూసుడు నేర్చుకో.

వాపసు

"ఆమెను, బండిని ఎక్కడ నుంచి తెచ్చిన్రో ఆడనే మర్యాదగ దించుర్రి" అన్నడు మంత్రి సాబ్. మళ్ల ఎక్కించినం. రజియా మళ్ల పైకెక్కి కూసున్నది. లారీ జనంల మెల్లగ పోతుంది. మంత్రి సాబ్ ఇచ్చిన బండి ఏదో చూద్దమని మనుషులు దగ్గరికొస్తున్నరు. ఒకడు కిందికెల్లి, "జామ ఎట్లమ్మా?" అని అడిగిండు. రజియా కండ్లు తుడుసుకొని రేటు చెప్పింది.

ఇగ చూడు. చెయ్యి చెయ్యికి కాయలు దించుతుంది. ఉప్పు కారం అద్దుడు నా పని అయింది. సిగ్నల్ కాడ డ్రైవర్ పచ్చ లైటు పడ్డా పోతలేడు, బేరం తెగనియ్యి అంటుండు. వెనక జీపుల సార్, హారన్ మీద చెయ్యి పెడ్తడు, చుట్టు మంత్రి సాబ్ మనుషులు చూస్తున్నరు, చెయ్యి తీస్తడు. రోడ్డు మీద బేరం బంద్ చేసే లారీ మీదనే పత్తర్‌గట్టి దాక బేరం నడిచింది.

బండి దాని జాగల దించినం. నాలుగు కాయలు మిగిలినయ్. నేను లారీ ఎక్కుతుంటె రజియా నా కొంగు పట్టి ఆపింది. నలిగిన కాయల లెక్క అడుగుతదేమో, తిడుతదేమో అనుకున్న.

"అక్కా," అన్నది, "రేపు లారీ ఎన్నింటికొస్తది?"